లార్డ్ మేయో: ఎగతాళి నడుమ ఆరంభం, అండమాన్ తీరంలో అంతం

శ్రీవిజయపురం నగరానికి చిన్న వంతెనతో కలిసి ఉన్న చాతం దీవి నేడు రెండింటికి ప్రసిద్ధి. ఒకటి 1883లో నెలకొల్పిన ప్రభుత్వ కలప కోత మిల్లు. రెండవది అక్కడి జెట్టీ. మనుషులనూ వాహనాలనూ ఎక్కించుకొని ఎదుటి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌కు పడవలు ఇక్కడి నుంచే బయలుదేరుతాయి. ఆ ఒడ్డునే హోప్‌టౌన్ ఉంది. దానికి ఎగువన, 2021 వరకు మౌంట్ హారియట్ అని పిలిచిన మౌంట్ మణిపూర్ కొండ ఉంది. పాత 20 రూపాయల నోటు వెనుక కనిపించే కొబ్బరిచెట్ల తీరం ఆ కొండ మీద నుంచి చూసిన దృశ్యమే.

1872 ఫిబ్రవరి 8న నాటి భారత గవర్నర్ జనరల్, వైస్రాయ్ లార్డ్ మేయో ఈ రేవులోనే పర్యటించారు. ఆ రోజు ఆయన చూసిన దీవులలో చాతం ఒకటి. సూర్యాస్తమయం తరువాత హోప్‌టౌన్ జెట్టీ మీద ఒక ఖైదీ కత్తిపోట్లకు ఆయన బలి అయ్యారు. భారతదేశాన్ని పాలించిన వైస్రాయ్‌లలో పదవిలో ఉండగా హత్యకు గురైనది ఆయన ఒక్కరే. ఈ కారణంగానే ఆయన పేరు చరిత్ర పుస్తకాలలో నిలిచింది. అయితే ఆ మరణానికి మూడేళ్ల ముందు ఆయన పదవి చేపట్టిన తీరు కూడా తెలుసుకోదగినదే. ఒక దేశానికి కొత్త నాయకుడు వస్తున్నప్పుడు కలిగే ఆశలు, అనుమానాలు, ఎగతాళి, ఉపేక్ష ఆయన విషయంలో ఒక్కసారిగా వెల్లువెత్తాయి. ఆ అభిప్రాయాలు ఎవరివి, ఎవరి అభిప్రాయం ఎవరికీ పట్టలేదు అన్న ప్రశ్నలకు ఆయన జీవితకథలోనే సమాధానాలు దొరుకుతాయి.

కరవు చూసిన యువకుడు

ఆయన అసలు పేరు రిచర్డ్ సౌత్‌వెల్ బర్క్. 1822 ఫిబ్రవరి 21న ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో జన్మించారు. కుటుంబం పేరు గొప్పదే అయినా సంపద అంత గొప్పది కాదు. మీత్ ప్రాంతంలోని పల్లెటూరి ఇంట్లో పెరిగి, ఇంటివద్దనే చదువుకొని, తరువాత డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో పట్టా పొందారు. 1845లో రష్యా వెళ్లి, సెయింట్ పీటర్స్‌బర్గ్, మాస్కో నగరాలను చూసి వచ్చి ఒక యాత్రాగ్రంథం ప్రచురించారు.

స్వదేశానికి తిరిగి వచ్చేసరికి ఐర్లండ్ మహాక్షామంలో చిక్కుకుంది. బంగాళాదుంప పంటకు తెగులు సోకి, అదే ప్రధాన ఆహారమైన పేదలు లక్షల సంఖ్యలో మరణించారు. లక్షల మంది ఓడలెక్కి పరాయి దేశాలకు తరలిపోయారు. కిల్డేర్ ప్రాంతంలో సహాయ కార్యక్రమాలలో యువకుడైన బర్క్ స్వయంగా పాల్గొన్నారు. ఆ పరిచయంతోనే 1847లో కిల్డేర్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. అప్పటి నుంచి 21 సంవత్సరాల పాటు కామన్స్ సభలో కొనసాగారు. కన్సర్వేటివ్ పార్టీ అధికారంలోకి వచ్చిన ప్రతిసారీ, అంటే 1852లో, 1858లో, 1866లో, ఐర్లండ్ వ్యవహారాల ముఖ్య కార్యదర్శి పదవి ఆయననే వరించింది. 1867లో తండ్రి మరణానంతరం వంశపారంపర్యంగా మేయో ఎర్ల్ బిరుదు దక్కింది.

ఐర్లండ్‌ను బ్రిటిష్ పాలన నుంచి విముక్తం చేయాలని ఫీనియన్ విప్లవకారులు తిరుగుబాటుకు దిగినది ఆ ఏడాదే. దానిని అణచివేసే బాధ్యత మేయో మీదనే పడింది. పుట్టిన గడ్డ మీదనే పరాయి పాలనకు ప్రతినిధిగా నిలవవలసి రావడం ఆయన జీవితంలోని ఒక వైరుధ్యం. క్షామంలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన చేయి, తిరుగుబాటులో సంకెళ్లు వేయించింది. తరువాతి కాలంలో భారతదేశంలోనూ ఆయన పాలనకు ఈ రెండు ముఖాలూ ఉన్నాయి.

లండన్‌లో గగ్గోలు

1868లో సర్ జాన్ లారెన్స్ పదవీకాలం ముగింపునకు వచ్చింది. లారెన్స్ దశాబ్దాల పాటు పంజాబ్‌లోనూ ఉత్తర భారతంలోనూ పనిచేసిన అధికారి. ఇక్కడి భాషలు, భూమిశిస్తు, పల్లెల పరిస్థితి ఎరిగినవారు. అటువంటి వ్యక్తి స్థానంలో ప్రధాని బెంజమిన్ డిజ్రేలీ మేయోను ఎంపిక చేశారు. భారతదేశంలో ఒక్కనాడైనా పనిచేయని వ్యక్తిని, లండన్ రాజకీయాలలోనూ ప్రథమశ్రేణి నాయకుడిగా పేరు లేని వ్యక్తిని, 46 ఏళ్ల వయసులో సామ్రాజ్యంలోనే అతి పెద్ద పదవికి పంపడం చాలామందికి మింగుడు పడలేదు.

ప్రతిపక్ష పత్రికలు విమర్శించడం ఊహించదగినదే. పాలకపక్షానికి అనుకూలమైన పత్రికలు సైతం ఈ నియామకాన్ని చల్లగానే స్వీకరించాయి. వ్యంగ్య పత్రికలు హాస్యమాడాయి. పార్టీకి చేసిన సేవకు ప్రతిఫలంగా పదవి కట్టబెట్టారన్న ఆరోపణ వినిపించింది. డిజ్రేలీ తన బకింగ్‌హామ్‌షైర్ ఓటర్ల ముందు నిలబడి ఈ ఎంపికను సమర్థించుకోవలసి వచ్చింది. మేయోకు మనుషులను అంచనా వేసే నేర్పు ఉన్నదని, నిదానం ఉన్నదని ఆయన వాదన.

అంతలో మరొక చిక్కు వచ్చింది. మేయో 1868 నవంబరులో భారతదేశానికి ప్రయాణమయ్యారు. ఆయన దారిలో ఉండగానే ఎన్నికలలో డిజ్రేలీ పార్టీ ఓడిపోయింది. డిసెంబరులో లిబరల్ నాయకుడు గ్లాడ్‌స్టన్ ప్రధాని అయ్యారు. కొత్త ప్రభుత్వం తలచుకుంటే ఆ నియామకాన్ని రద్దు చేయగలదు. గ్లాడ్‌స్టన్ ఆ పని చేయలేదు. తనను నియమించిన ప్రభుత్వమే లేని స్థితిలో, తనను ఎంపిక చేయని ప్రభుత్వానికి జవాబుదారీగా మేయో పదవి చేపట్టవలసి వచ్చింది.

పత్రికల దాడికి ఆయన బహిరంగంగా బదులివ్వలేదు. దారిలో, ఇంకా తవ్వకం పూర్తికాని సూయజ్ కాలువను చూశారు. బొంబాయిలో దిగి అక్కడి పాలనను పరిశీలించారు. అక్కడి నుంచి మద్రాసు వచ్చి గవర్నర్ నేపియర్‌ను కలిశారు. 1869 జనవరి 12న కలకత్తాలో గవర్నర్ జనరల్‌గా ప్రమాణ స్వీకారం చేశారు.

లండన్‌లో ఇంత గగ్గోలు జరిగినా, పాలితులైన భారతీయుల అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగే వ్యవస్థే లేదు. ఓటు లేదు, ప్రాతినిధ్యం లేదు. శాసనసభలలో కొద్దిమంది నియమిత భారతీయ సభ్యులు తప్ప మాట్లాడేవారు లేరు. మద్రాసు ప్రజల కష్టాలను విజ్ఞాపనలుగా రాసి బ్రిటిష్ పార్లమెంటు వరకు చేర్చిన తెలుగు వర్తకుడు, క్రెసెంట్ పత్రిక వ్యవస్థాపకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి ఆ 1868లోనే కన్నుమూశారు. కొత్త వైస్రాయ్ వస్తున్న వేళ దక్షిణాదిలో అంతటి గొంతు మూగబోయింది.

తొలి నాళ్లు

పదవి చేపట్టిన ఆరు వారాలకే హైదరాబాద్ నుంచి ఒక వార్త వచ్చింది. 1869 ఫిబ్రవరి 26న ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా మరణించారు. వారసుడు మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి రెండున్నరేళ్లు. దివాన్ సాలార్‌జంగ్, అమీరుల పెద్ద షంసుల్ ఉమ్రా కలిసి పాలన నడిపే ఏర్పాటుకు మేయో ప్రభుత్వం సమ్మతించింది. ముఖ్య వ్యవహారాలలో బ్రిటిష్ రెసిడెంట్ సలహా తీసుకోవాలన్న షరతు దానికి తోడైంది. పసివాడి సింహాసనం వెనుక కలకత్తా నీడ మరింత దట్టమైంది. మరోవైపు సాలార్‌జంగ్ సంస్కరణలు కొనసాగేందుకూ ఆ ఏర్పాటే వీలు కల్పించింది. వాడి నుంచి సికింద్రాబాద్ వరకు నిజాం ప్రభుత్వ రైలుమార్గానికి పునాది పడినది ఆ కాలంలోనే. 1874లో ఆ మార్గంలో రైళ్లు నడిచాయి.

మార్చిలో మేయో అంబాలాలో అఫ్గాన్ అమీర్ షేర్ అలీ ఖాన్‌కు ఘనంగా దర్బారు జరిపారు. అమీర్ కోరిన శాశ్వత సైనిక ఒప్పందం ఇవ్వలేదు. స్నేహహస్తం మాత్రం చాచి, ఆయుధాలు, ధనం ఇచ్చి గౌరవంగా సాగనంపారు. దృఢమైన దేహం, చిరునవ్వు, ఎదుటివారి మాట ఓపికగా వినే అలవాటు ఆయనకు అక్కరకు వచ్చాయి. అనుభవం లేనివాడని అనుమానించిన అధికారులు క్రమంగా మెత్తబడ్డారు. గుర్రం మీద రోజుకు మైళ్ల కొద్దీ తిరిగి స్వయంగా చూడందే నిర్ణయం తీసుకోని వైస్రాయ్ అన్న పేరు వచ్చింది.

ఉప్పు, పన్ను, లెక్కలు

అసలు పరీక్ష ఖజానా రూపంలో ఎదురైంది. వరుసగా మూడేళ్లుగా ప్రభుత్వానికి రాబడికి మించిన ఖర్చు. మేయో వచ్చిన ఏడాదిలోనూ మిగులు ఉంటుందనుకున్న చోట లోటు బయటపడింది. ఆయన ఆర్థిక సంవత్సరం మధ్యలోనే కఠిన నిర్ణయాలు తీసుకున్నారు. ప్రభుత్వ నిర్మాణాలకు, సైన్యానికి పెడుతున్న ఖర్చు తగ్గించారు. ఆదాయపు పన్ను పెంచారు. మద్రాసు, బొంబాయి రాష్ట్రాలలో ఉప్పు సుంకమూ పెంచారు.

ఆదాయపు పన్ను 1870లో రూపాయికి ఆరు పైసల వరకు, అంటే వందకు మూడు రూపాయలకు పైగా పెరిగింది. అప్పటి లెక్కలో రూపాయికి 192 పైసలు. పట్టణాలలోని వర్తకులు, ఉద్యోగులు, ఆంగ్లేయులు, భారతీయులు ఒక్కటై నిరసించారు. సభలు జరిగాయి, అర్జీలు వెళ్లాయి. ఆ ఒత్తిడి ఫలించింది. మరుసటి ఏడాది పన్ను మూడవ వంతుకు తగ్గింది. ఏడాదికి 750 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి మినహాయింపు దొరికింది.

ఉప్పు కథ అలా ముగియలేదు. మద్రాసు రాష్ట్రంలో ఉప్పు తయారీ, అమ్మకం ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండేవి. గంజాం నుంచి నెల్లూరు వరకు సముద్రపు ఒడ్డునే కాపురముండి, కళ్లెదుట ఉప్పు పేరుతున్నా, సుంకం కట్టిన ఉప్పే కొనుక్కోవలసిన కుటుంబాలు వేలు. గంజి నీళ్లలోకి ఉప్పుకల్లు తప్ప మరేమీ లేని కూలీ సైతం ఈ పన్ను కట్టవలసిందే. ఆదాయపు పన్ను మీద సభలు పెట్టినవారికి పత్రికలు ఉన్నాయి. ఉప్పు కొనేవారికి అవి లేవు. కనుక పెరిగిన ఆదాయపు పన్ను తగ్గింది, పెరిగిన ఉప్పు సుంకం నిలిచింది. మేయో పాలన మీద ఎవరు ఏమనుకున్నారో తెలిపే కాగితాలు నేడు చరిత్రకారులకు దొరుకుతున్నాయి. అవి చాలావరకు మాట్లాడగలిగిన వర్గాల కాగితాలే అన్నది మరువరాదు.

ఆయన చేసిన మార్పులలో దీర్ఘకాలం నిలిచినది ఆర్థిక వికేంద్రీకరణ. అప్పటివరకు మద్రాసు గవర్నర్ కొత్తగా చిన్న ఖర్చు పెట్టాలన్నా కలకత్తా అనుమతి కావాలి. మిగిల్చిన సొమ్ము ఎలాగూ కేంద్రానికే పోతుంది గనుక రాష్ట్రాలు పొదుపు చేసేవి కావు. 1870 డిసెంబరు 14 నాటి తీర్మానంతో పోలీసు, జైళ్లు, విద్య, వైద్యం, రిజిస్ట్రేషన్, రోడ్లు మొదలైన శాఖలను నిర్ణీత నిధులతో సహా రాష్ట్రాలకు అప్పగించారు. దానికి కొనసాగింపుగా మద్రాసులో 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చింది. జిల్లాలలో బోర్డులు ఏర్పడ్డాయి. పల్లె రోడ్లు, బడులు, వైద్యశాలలు వాటి బాధ్యత అయ్యాయి. తరువాతి జిల్లా బోర్డులకు, ఆపైన నేటి జిల్లా పరిషత్తులకు ఆ చట్టమే తొలి మెట్టు. అయితే ఆ బోర్డులు నడవడానికి రైతు శిస్తు మీద అదనపు సెస్సు కట్టవలసి వచ్చింది. బాధ్యతతో పాటు భారాన్నీ కిందికి దించారన్న విమర్శ అప్పుడే వచ్చింది. అధికార వికేంద్రీకరణ గురించి మాట్లాడే ప్రతిసారీ నేటికీ వినిపించే వాదమే అది.

దేశమంతటా తొలి జనాభా లెక్కల సేకరణకు ఆయన కాలంలోనే ఏర్పాట్లు జరిగాయి. మద్రాసు రాష్ట్రంలో 1871లో జనాన్ని లెక్కించారు. మిగిలిన ప్రాంతాలలో ఎక్కువ భాగం 1872లో పూర్తయింది. అదే 1871లో రెవెన్యూ, వ్యవసాయ, వాణిజ్య శాఖను నెలకొల్పారు. తరువాత 1885లో భారత జాతీయ కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ ఆ శాఖకు తొలి కార్యదర్శి. ఐర్లండ్ క్షామం చూసిన మేయోకు 1866లో ఒరిస్సానూ గంజాం జిల్లానూ పీడించిన కరవు వివరాలు తెలుసు. సేద్యం బాగుపడనిదే కరవు ఆగదన్నది ఆయన నమ్మకం. ఆ శాఖ ఎక్కువ కాలం నిలవలేదు. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాష్ట్రాన్ని, ముఖ్యంగా నేటి రాయలసీమను మహాక్షామం చుట్టుముట్టింది. ఆ మరుసటి సంవత్సరమే పొదుపు పేరుతో ఆ శాఖను ఎత్తివేశారు. కరవు విచారణ సంఘం సిఫారసుతో 1881లో మళ్లీ ప్రారంభించవలసి వచ్చింది.

విద్య విషయంలో ఆయనకు వచ్చిన పేరు కూడా మిశ్రమమే. కొద్దిమందికి అందే ఇంగ్లీషు ఉన్నత విద్య కంటే దేశభాషలలో ఎక్కువమందికి అందే చదువు మీద ఖర్చు పెట్టాలన్నది ఆయన అభిప్రాయం. కాలేజీల నిధులకు కోత పడుతుందని కలకత్తా విద్యావంతులు ఆందోళన చేశారు. వారి భయంలో నిజం ఉంది. పల్లె బడికి దేశభాషలో చదువు కావాలన్న ఆయన మాటలోనూ నిజం ఉంది. మరోవైపు రాజకుమారుల కోసం ప్రత్యేక కళాశాల ఉండాలని ఆయనే ప్రతిపాదించారు. ఆయన మరణానంతరం 1875లో అజ్మీర్‌లో ప్రారంభమైన మేయో కళాశాల ఆ ఆలోచన ఫలితమే.

ఖైదీల దీవులకు ప్రయాణం

1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చిలో జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో అండమాన్ చేరారు. వారు మొదట దిగిన చోటు చాతమే. అంతకు ముందు 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి స్థావరం ఏర్పాటు చేసినదీ ఈ దీవి మీదనే. తాగునీటి కొరత వల్ల వాకర్ తన కేంద్రాన్ని రాస్ దీవికి, అంటే నేటి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపానికి మార్చారు. అడవులు నరికి, చిత్తడి నేలలు పూడ్చే పనిలో ఖైదీలు జ్వరాలతో పెద్ద సంఖ్యలో మరణించారు. సెల్యులార్ జైలు అప్పటికి లేదు. దాని నిర్మాణం 1896లో గాని మొదలు కాలేదు. సముద్రమే గోడగా, అడవే కంచెగా ఖైదీలు దీవులంతటా చెదిరి ఉండేవారు.

అక్కడి క్రమశిక్షణ లోపాలు, మరణాలు, దుబారా గురించిన నివేదికలు చదివి మేయో ఆ స్థావరానికి కొత్త నియమావళి సిద్ధం చేయించారు. 1871లో జనరల్ డొనాల్డ్ స్టీవర్ట్‌ను సూపరింటెండెంట్‌గా పంపారు. శిక్ష కఠినంగా ఉండాలి, కాని ఖైదీ బతికి ఉండాలి, స్థావరం తన తిండి తానే పండించుకోవాలి అన్నది ఆ సంస్కరణల సారం. వాటి అమలును స్వయంగా చూడాలన్నది ఆయన కోరిక.

1872 జనవరి 24న గ్లాస్గో అనే యుద్ధనౌకలో కలకత్తా నుంచి బయలుదేరారు. రంగూన్, మౌల్మేన్ చూసుకొని ఫిబ్రవరి 8 ఉదయం పోర్ట్ బ్లెయిర్ చేరారు. ఆ తరువాత ఒరిస్సా వెళ్లి, 1866 కరవు పీడించిన ప్రాంతాన్ని చూడాలన్నది ప్రణాళిక. ఆ రోజు గట్టి కాపలా నడుమ రాస్ దీవిని, ప్రమాదకరమైన ఖైదీలను ఉంచిన వైపర్ దీవిని, చాతంను చూశారు. అనుకున్న దానికంటే ముందే పని పూర్తయింది. ఇంకా కొంత పొద్దు ఉంది. జ్వరపీడితులకు ఆరోగ్యనివాసం కట్టడానికి మౌంట్ హారియట్ కొండ అనుకూలమా అని చూడాలని ఆయనకు తోచింది. పరివారంలో కొందరు మరునాడు వెళదామన్నా, ఆయన ఆగలేదు. పడవలో హోప్‌టౌన్ చేరి కొండ ఎక్కారు. శిఖరం మీద సూర్యాస్తమయం చూస్తూ కొద్దిసేపు కూర్చున్నారు.

హోప్‌టౌన్‌లో షేర్ అలీ అనే ఖైదీ ఉన్నాడు. అంబాలాలో మేయో ఆలింగనం అందుకున్న అమీర్ పేరే అతనిది. ఖైబర్ ప్రాంతపు అఫ్రీదీ తెగవాడు. బ్రిటిష్ కొలువులో పనిచేసి అధికారుల మెప్పు పొందినవాడు. కుటుంబ కక్షలో బంధువును చంపాడన్న నేరానికి 1867లో పెషావర్‌లో మరణశిక్ష పడింది. తరువాత దానిని ద్వీపాంతర శిక్షగా మార్చారు. పూర్వకక్ష తీర్చుకోవడం అతని తెగ ఆచారంలో నేరం కాదు. తాను సేవించిన ప్రభుత్వమే తనకు అన్యాయం చేసిందని అతడు నమ్మాడు. అండమాన్‌లో సత్ప్రవర్తన వల్ల క్షురకుడిగా పనిచేసుకొనే వెసులుబాటు దొరికింది. పెద్ద హోదాలో ఉన్న తెల్లవాడినొకరిని చంపాలన్న పగ మాత్రం లోపల రగులుతూనే ఉంది.

ఆ ఉదయం రేవులో మోగిన తుపాకుల వందనం వినగానే అతడు కత్తికి పదును పెట్టుకున్నాడు. పగలంతా వైస్రాయ్ ఉన్న దీవులకు చేరే దారి దొరకలేదు. సాయంత్రానికి వైస్రాయే అతడున్న చోటికి వచ్చారు. కొండ దిగి కాగడాల వెలుగులో జెట్టీ మీద నడుస్తుండగా, స్టీవర్ట్ మరునాటి ఏర్పాట్లు చెప్పడానికి పక్కకు తిరిగారు. మేయో ఒక అడుగు ముందుకు వేశారు. వెనుక నుంచి దూకిన షేర్ అలీ ఆయన వీపు మీద రెండుసార్లు పొడిచాడు. మేయో జెట్టీ అంచు నుంచి లోతు లేని నీటిలో పడి, తానే లేచి నిలబడ్డారు. కొద్ది నిమిషాలకే ప్రాణం పోయింది. రేవులో లంగరు వేసిన గ్లాస్గో నౌక మీద భార్య బ్లాంష్ భోజనానికి ఆయన రాక కోసం ఎదురుచూస్తున్నారు. 50వ పుట్టినరోజుకు ఇంకా 13 రోజులు ఉంది. పదవి చేపట్టి మూడు సంవత్సరాల 27 రోజులు.

రాయబడిన పేరు, రాయని పేరు

పోర్ట్ బ్లెయిర్‌కు అప్పుడు తంతి సౌకర్యం లేదు. వార్త ఓడ మీదనే కలకత్తా చేరింది. సీనియర్ సభ్యుడు జాన్ స్ట్రాచీ తాత్కాలిక బాధ్యతలు చేపట్టారు. తరువాత మద్రాసు గవర్నర్ నేపియర్ వచ్చి, కొత్త వైస్రాయ్ నార్త్‌బ్రూక్ చేరేవరకు పాలన నడిపారు. మేయో భౌతికకాయాన్ని ఐర్లండ్ తీసుకువెళ్లి, కిల్డేర్‌లోని జాన్స్‌టౌన్‌లో ఖననం చేశారు.

షేర్ అలీని మరునాడే నౌక మీద విచారించారు. తనకు సహాయకులెవరూ లేరని అతడు చెప్పాడు. ఉత్తరాదిన వహాబీ కేసులు నడుస్తున్న రోజులవి. 1871 సెప్టెంబరులోనే కలకత్తా హైకోర్టు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి నార్మన్ హత్యకు గురయ్యారు. ఈ రెండింటి వెనుక ఒకే కుట్ర ఉన్నదేమోనని ప్రభుత్వం వెతికింది. ఆధారం దొరకలేదు. 1872 మార్చి 11న వైపర్ దీవిలో అతడిని ఉరితీశారు. అది వ్యక్తిగత పగా, పరాయి పాలన మీద తిరుగుబాటా అన్న చర్చ నేటికీ ముగియలేదు. ఒక మనిషి ప్రాణం తీయడం ఏ కారణంతోనూ సమర్థనీయం కాదు. అయినా ఆ కారణాన్ని నమోదు చేయడం చరిత్ర విధి.

ఆ విధిని నాటి చరిత్రకారుడు పాటించలేదు. మేయో ఆదేశంతో భారతదేశ గణాంక సర్వేకు సారథ్యం వహించిన విలియం విల్సన్ హంటర్ 1875లో ఆయన జీవితచరిత్ర ప్రచురించారు. నేటికీ మేయో జీవితానికి అదే ప్రధాన ఆధారం. అందులో హత్య వివరాలన్నీ ఉన్నాయి, హంతకుడి పేరు మాత్రం లేదు. పేరు గాని, ఊరు గాని, తెగ గాని నమోదు కారాదని రచయిత ఉద్దేశపూర్వకంగా విడిచిపెట్టారు.

మరణంతో బ్రిటిష్ పత్రికల స్వరమూ మారిపోయింది. పదవిలోకి వస్తున్నప్పుడు అనర్హుడన్న మనిషి, పోయిన తరువాత ఆదర్శ పాలకుడయ్యారు. లాహోర్‌లో కళాశాల, జైపూర్‌లో ఆసుపత్రి, బెంగళూరులో సభాభవనం ఆయన పేరుతో వెలిశాయి. నిజానికి మొదటి ఎగతాళి ఎంత తొందరపాటో, చివరి పొగడ్త అంత ఏకపక్షం. మొదటిది ఆయన ఏ పనీ చేయకముందే వచ్చింది. రెండవది ఆయన చేసిన పనుల భారం మోసినవారిని అడగకుండానే వచ్చింది. వికేంద్రీకరణ, జనాభా లెక్కలు, వ్యవసాయ శాఖ ఒకవైపు. ఉప్పు సుంకం, శిస్తు మీద సెస్సు, పరాయి పాలనను మరింత పటిష్ఠం చేసిన నేర్పు మరొకవైపు. రెండు పద్దులనూ కలిపి చూసినప్పుడే లార్డ్ మేయో సరిగా కనిపిస్తారు.

ఆనాడు ఖైదీలతో నిండిన ఈ దీవులలో నేడు దేశం నలుమూలల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు నివసిస్తున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ప్రతి 100 మందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. స్వాతంత్ర్యం తరువాత కూడా కొంతకాలం ఈ దీవుల పార్లమెంటు సభ్యుడిని రాష్ట్రపతి నియమించేవారు. 1967లో మొదటిసారి ప్రజలు తమ సభ్యుడిని ఓటు వేసి ఎన్నుకున్నారు. దేశానికి కొత్త నాయకుడు వచ్చిన ప్రతిసారీ ఇక్కడా సంతోషించేవారు ఉంటారు, సందేహించేవారు ఉంటారు. 1869లో ఆ రెండు మాటలూ లండన్‌లోనే వినిపించాయి. ఉప్పు కొనేవారికి, అడవి నరికేవారికి వాటిలో వాటా లేదు. ఇప్పుడు ఉంది. సంతోషమైనా సందేహమైనా, పాలకుడి పద్దును చూసి తేల్చి చెప్పే హక్కు చాతం ఒడ్డున పడవ కోసం నిలబడిన ప్రయాణికుడికీ ఉంది.